పులికాట్ వెళ్లేముందు నీళ్లెన్నున్నాయో కనుక్కోండి

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్నేసుకుని పులికాట్ వెళ్లి, "ఏముందక్కడ, బురద తప్ప" అని విసుక్కుంటూ తిరిగొచ్చేవాళ్లు ఏటా ఉంటారు. వారం తర్వాత అదే రోడ్డు మీద నిలబడి, వేల ఫ్లెమింగోల్ని చూసి నోట మాట రానివాళ్లూ ఉంటారు. రెండు గుంపులూ నిజమే చెబుతాయి. సరస్సు అదే, రోడ్డు అదే, తేడా అంతా జానెడు నీళ్లలో ఉంది. ఈ సంగతి తెలిసి వెళ్తే పులికాట్, పక్కనే ఉన్న నేలపట్టు పక్షుల చెరువు కలిపి దక్షిణాదిలో పక్షులు చూడ్డానికి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. తెలియకుండా వెళ్తే మాత్రం పెట్రోలు ఖర్చు దండగ.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. ఫోన్‌లో మ్యాపు తెరిచి 'పులికాట్' అని కొడితే అది తమిళనాడులోని పులికాట్ ఊరికి, అంటే పళవేర్కాడుకు తీసుకుపోతుంది. అది సరస్సుకు దక్షిణపు కొస. మనం చూడాలనుకునే ఫ్లెమింగోలు ఎక్కువగా చేరేది ఉత్తరాన, తిరుపతి జిల్లా సూళ్లూరుపేట వైపు (2022లో జిల్లాలు విడిపోకముందు ఇది నెల్లూరు జిల్లా). రెంటికీ మధ్య సరస్సు ఉంది. ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు పోవాలంటే చుట్టూ తిరిగి హైవే ఎక్కి రావాల్సిందే. కాబట్టి మ్యాపులో కొట్టాల్సింది 'సూళ్లూరుపేట' అని. నేలపట్టుకైతే 'దొరవారిసత్రం' అని.

చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకుని ఉంటుంది, దాని అవతల బంగాళాఖాతం. కాళంగి, స్వర్ణముఖి, దక్షిణాన ఆరణి నదులు మంచినీళ్లు తెస్తాయి. సముద్రం ముఖద్వారాల గుండా ఉప్పునీళ్లు పంపుతుంది. వానాకాలం చివర్లో నీళ్లు చప్పగా ఉంటాయి, ఎండాకాలంలో సముద్రం కంటే ఉప్పగా తేలతాయి. ఇంత పెద్ద సరస్సులో సగటు లోతు ఎంతో తెలుసా? సుమారు ఒక్క మీటరు. మనిషి నడుం దాకా. పులికాట్ మంచిచెడ్డలన్నీ ఈ ఒక్క అంకెలోనే ఉన్నాయి.

అడుగు ఇంచుమించు పళ్లెంలా బల్లపరుపుగా ఉంటుంది. అందుకే నీటిమట్టం బెత్తెడు తగ్గితే చాలు, ఒడ్డు వందల అడుగులు వెనక్కి జరిగిపోతుంది. బెత్తెడు పెరిగితే నిన్న పక్షులు నిలబడ్డ చోటంతా మునిగిపోతుంది. ఇక పక్షుల కాళ్ల సంగతి. చిన్న ఉల్లంకి పిట్టలకు కావాల్సింది వేలెడు నీళ్లు, లేదా తడి బురద. బాతులు నీళ్లలో తల్లకిందులై తోక పైకి పెట్టి మేస్తాయి, వాటి మెడ అడుగుకు అందేంత లోతు ఉంటే చాలు. ఫ్లెమింగో కాళ్లు పొడుగు కాబట్టి మిగతావి దిగలేని చోటికి కూడా అది నడిచిపోగలదు, కానీ తల వంచితే ముక్కు బురదకు అందాలి. నీళ్లు అంతకంటే లోతైతే అది ఈదగలదు గాని, తీరిగ్గా నిలబడి మేయలేదు. గూడబాతుకు (పెలికాన్) లోతుతో పేచీ లేదు, చేపలుంటే చాలు. ఏ పక్షి ఎక్కడుంటుందో చెప్పడానికి గైడు అక్కర్లేదు, నీళ్లు ఎంత లోతున్నాయో చూస్తే తెలిసిపోతుంది.

దీన్ని కాలానికి అన్వయించుకుంటే లెక్క తేలుతుంది. ఈ ప్రాంతానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. బయటి నుంచి పక్షులు రావడమూ అప్పుడే మొదలవుతుంది. అయితే నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాలు వరసగా పడితే సరస్సు నిండిపోయి, రోడ్డుకు రెండువైపులా కనుచూపు మేర నీళ్లే కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటుంది, పక్షులు మాత్రం లోతు తక్కువున్న మూలలకు, చుట్టుపక్కల చెరువులకు చెదిరిపోయి ఉంటాయి. వానలు వెనకబట్టి, నీళ్లు మెల్లగా తీస్తున్న జనవరి, ఫిబ్రవరి నెలలు అసలు సీజను. మార్చిలోనూ మంచి గుంపులు దొరుకుతాయి, కానీ ఎండ ముదిరి, తొమ్మిదింటికే కళ్లు తిరుగుతాయి. వానలు మొహం చాటేసిన ఏడు లెక్క తిరగబడుతుంది. ఉత్తర భాగం తొందరగా ఎండి, ఉప్పు పేరుకున్న పర్రలా మారిపోతుంది, జనవరికే పక్షులు దక్షిణానికి జరుగుతాయి. కాబట్టి బయల్దేరే ముందు సూళ్లూరుపేటలో తెలిసినవాళ్లుంటే అడగాల్సింది "పక్షులొచ్చాయా?" అని కాదు. అలా అడిగితే అందరూ "ఆ, వచ్చాయి" అనే అంటారు. "షార్ రోడ్డు పక్కన బురద బయటపడిందా, ఇంకా నీళ్లు కట్టకు తగులుతున్నాయా?" అని అడగండి. షార్ అంటే శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం.

షార్ రోడ్డు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే సుమారు 20 కిలోమీటర్ల దారి ఇది. సగానికి పైగా సరస్సు మధ్యలో వేసిన కట్ట మీదుగానే పోతుంది. రాకెట్ కేంద్రం కోసం వేసిన రోడ్డే పక్షులు చూసేవాళ్లకు గ్యాలరీ అయింది. సరస్సుకు మాత్రం ఇది మేలు చేయలేదు. కట్ట సరస్సును రెండుగా కోసింది. తూములున్నా నీటి రాకపోకలు మునుపటిలా లేవు, ఉత్తరపు ముక్క తొందరగా ఎండడానికి ఇదొక కారణం. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోవడం ఇంకో కారణం. ముఖద్వారం తెరుచుకుంటేనే సముద్రం నుంచి రొయ్య పిల్లలు, చేప పిల్లలు లోపలికొస్తాయి. అందుకే పూడిక తీయండని మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు.

రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది. ఫొటోలు తీసేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి. పొద్దున పోయేటప్పుడు సూర్యుడు ఎదురుగా, చలికాలం కాబట్టి కాస్త కుడివైపుకు, అంటే ఆగ్నేయంగా ఉంటాడు. కుడిచేతి వైపున్న పక్షులన్నీ నల్లటి నీడల్లా పడతాయి. ఎడమచేతి వైపు, అంటే ఉత్తరం దిక్కు, వెలుగు పక్షుల మీద పడుతుంది. అందుకని ముందు ఆగకుండా దీవి చెక్‌పోస్టుకు కాస్త ఇవతల దాకా పోయి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి మెల్లగా రండి. సూర్యుడు వీపు వెనకుంటాడు, ఉత్తరపు నీళ్లు కుడిచేతి వైపుకొస్తాయి. కారులో డ్రైవరు వెనక సీటు ఎవరికో ముందే తేల్చుకోండి, దాని కోసం గొడవలవుతాయి.

జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఆరుంబావుకల్లా కట్ట మీద ఉంటే రెండున్నర గంటల మంచి వెలుగు దొరుకుతుంది. తొమ్మిది దాటాక బురద వేడెక్కి గాలి అల్లాడుతుంది, ఎంత ఖరీదైన లెన్సైనా పక్షిని నీళ్లలో కదిలే నీడలాగే పడుతుంది. చాలామంది దీన్ని ఫోకస్ తప్పనుకుని సెట్టింగులు మార్చి మార్చి అలిసిపోతారు. తప్పు కెమెరాది కాదు, గాలిది. సాయంత్రం నాలుగున్నర తర్వాత మళ్లీ వీలవుతుంది, అప్పుడు దిక్కులు తిరగేసుకోవాలి.

ఇక ఫ్లెమింగోలు. రాజహంసలని మన పత్రికలు రాసే పక్షులివే. ఎక్కువ భాగం పెద్ద ఫ్లెమింగోలే, నిలబడితే నాలుగైదు అడుగుల ఎత్తు. దూరం నుంచి తెల్లటి గీతలా ఉంటాయి, గులాబీ రంగు పెద్దగా తెలియదు. చాలామంది నిరుత్సాహపడేది ఇక్కడే. రంగంతా రెక్కల్లో దాగుంటుంది. ఎగిరినప్పుడు మాత్రమే ఎరుపు, నలుపు బయటపడతాయి. ఆ రంగు చూడాలని హారన్ కొట్టి, చప్పట్లు కొట్టి లేపేవాళ్లున్నారు. చెయ్యకూడని పనుల్లో ఇది మొదటిది. మేత మాని ఎగిరిన గుంపు మళ్లీ దగ్గర్లో వాలదు. వెనక వచ్చేవాళ్లకు ఆ రోజంతా కట్ట దగ్గర ఏమీ ఉండదు. ఓపిక పడితే అవే లేస్తాయి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి చిన్న గుంపులు మారుతూనే ఉంటాయి.

బైనాక్యులర్ పెట్టుకుని ఒక్క పక్షిని అయిదు నిమిషాలు చూడండి, గుంపును చూసినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది. తల తిరగేసి, పైముక్కు కిందికొచ్చేలా నీళ్లలో పెడుతుంది. కాళ్లతో ఉన్నచోటే తొక్కుతుంది, చిన్నపిల్లలు మారాం చేస్తున్నట్టు. అలా తొక్కుతూ తన చుట్టూ తానే మెల్లగా తిరుగుతుంది. అడుగు బురద లేచి, అందులోని చిన్న పురుగులు, గుల్లలు, గింజలు పైకి తేలతాయి. నాలుక పంపులా ముందుకూ వెనక్కీ ఆడుతూ నీళ్లు లోపలికి లాగి బయటికి నెడుతుంది, ముక్కు అంచులకున్న దువ్వెన పళ్లలాంటివి మేతను పట్టి ఆపుతాయి. గులాబీ రంగు కూడా ఆ మేతలోంచి వచ్చేదే. నీళ్లు తీశాక అదే చోట బురదలో గుండ్రటి గాడులు కనిపిస్తాయి. మట్టిలో కుమ్మరిసారె తిప్పి తీసేసినట్టుంటాయి. పక్షులు లేని రోజు వెళ్లినా ఆ గుర్తులు చూసి, ఇక్కడ ఎన్ని మేశాయో అంచనా కట్టొచ్చు. గుంపులో బూడిద రంగులో, మాసిన గుడ్డలా కనిపించేవి జబ్బు పక్షులు కావు, పిల్లలు. రంగు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. పులికాట్‌కు మేతకు మాత్రమే వస్తాయి. ఇక్కడ గూళ్లు చూపిస్తామనే వాళ్ల మాట నమ్మొద్దు.

ఫ్లెమింగోల మోజులో మిగతావాటిని వదిలేయొద్దు. సూదితోక బాతులు వందల్లో ఉంటాయి. ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నారాయణ పక్షులు, గోధుమతల గల్స్, రకరకాల రేవుపిట్టలు, ఉల్లంకులు కనిపిస్తాయి. తెడ్డుమూతి కొంగ ముక్కును కొడవలిలా అటూ ఇటూ కోస్తూ నడవడం ఫ్లెమింగో కంటే సరదాగా ఉంటుంది. కరెంటు స్తంభాల మీద గరుడపక్షి దొరకని రోజుండదు.

మధ్యదారిలో అటకానితిప్ప వస్తుంది. తిప్ప అంటే ఈ పక్క మాటలో నీళ్ల మధ్య ఎత్తుగా లేచిన దిబ్బ. అటవీశాఖ వారి కేంద్రం, చూడ్డానికి ఎత్తైన కట్టడం ఉన్నాయి. ఎత్తు మీంచి సరస్సు రూపం తెలుస్తుంది, పిల్లలకు చూపించడానికి మంచి చోటు. పక్షుల్ని దగ్గరగా చూడాలంటే మాత్రం కారే మేలు. కారును అవి పట్టించుకోవు, తలుపు తీసి మనిషి దిగితే జరిగిపోతాయి. కాబట్టి ఇంజను ఆపి, అద్దం దించి, లోపలే కూర్చోండి.

రోడ్డు మీద రెండు జాగ్రత్తలు. పొద్దున, సాయంత్రం షార్ ఉద్యోగుల బస్సులు వేగంగా, వరసగా వస్తాయి. మలుపులో, తూముల మీద ఆపొద్దు. రెండోది, రోడ్డు దిగొద్దు. ఎండి పగుళ్లిచ్చిన బురద గట్టిగా కనిపిస్తుంది, పైపెంకు రెండు మూడు వేళ్ల మందమే, కింద బంక. బైకు స్టాండు వేసినా దిగబడుతుంది, కారు చక్రం దిగితే ట్రాక్టరు పిలిపించాలి. దీవి చెక్‌పోస్టు దగ్గర ఫొటోలు తీయొద్దు, డ్రోన్ ఆలోచనే పెట్టుకోవద్దు. ఒకవైపు అభయారణ్యం, ఇంకోవైపు రాకెట్ కేంద్రం, రెండు పక్కలా నిషేధమే.

నేలపట్టు

పులికాట్‌లో దూరం నుంచి చూసి దాహం తీరనివాళ్లకు నేలపట్టు ఉంది. సూళ్లూరుపేట నుంచి నాయుడుపేట వైపు హైవే మీద 20 కిలోమీటర్ల లోపే, దొరవారిసత్రం దగ్గర పక్కకు తిరగాలి. 1976లో అభయారణ్యమైంది, విస్తీర్ణం 4.59 చదరపు కిలోమీటర్లు. పులికాట్ ముందు ఇది చేటంత కూడా లేదు. కానీ గూడబాతులు ఇంత పెద్ద ఎత్తున గూళ్లు కట్టుకునే చోట్లు చాలా తక్కువ. ఒక్క చోటికే పోయే వీలుంటే ఏది అని అడిగితే, పిల్లలతో వెళ్లేవాళ్లకు నేలపట్టే.

ఇక్కడి ప్రత్యేకత చెరువులో మొలిచిన నీటి కడప చెట్లు. మొదలు నెలల తరబడి నీళ్లలో మునిగి ఉన్నా చావని చెట్టు ఇది. ఉప్పలపాడులోను, కొల్లేటి ఒడ్డున ఆటపాకలోను పక్షులకు ఇనప స్టాండ్లు పెట్టారు, ఇక్కడ ఆ అవసరం లేదు. కొమ్మల మీద గూళ్లు, కింద నీళ్లు. పిల్లి, నక్క ఎక్కి రాలేవు. ఇందుకే పక్షులు చెరువు నిండితే గాని గూడు కట్టవు. అక్టోబరు వానలకు చెరువు నిండితే నవంబరుకల్లా పుల్లలు మోయడం మొదలవుతుంది. వానలు పడని ఏడు చెట్లు పొడి నేల మీద నిలబడతాయి, పక్షులు ఒక చుట్టు చుట్టి పోతాయి. మళ్లీ అదే మాట: తేదీ కంటే ముందు నీళ్లు.

గూడబాతు రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులు, బరువు నాలుగైదు కిలోలు. ఇంత బరువున్నది పొద్దున్నే రెక్కలాడించి దూరం పోలేదు. ఎండ కాస్త ఎక్కి నేల వేడెక్కాక లేచే గాలిని పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ పైకెక్కి, అక్కణ్ణుంచి రెక్కలు కదపకుండా జారుకుంటూ పులికాట్ వైపు మేతకు పోతుంది. పొద్దున ఎనిమిది, పది మధ్య తల పైకెత్తితే ఈ గానుగ తిరుగుడు కనిపిస్తుంది. ఆరింటికే వెళ్లాలన్న హడావుడి నేలపట్టులో అక్కర్లేదు. పొద్దుటి వెలుగు పులికాట్‌కు కేటాయించి, టిఫిను చేసి, తీరిగ్గా ఇక్కడికి రండి. లేదా మధ్యాహ్నం మూడున్నరకు వచ్చి చీకటి పడేముందు దాకా ఉండండి. మేతకు పోయినవి తిరిగొచ్చే వేళ అది.

గూడుకు సాధారణంగా మూడు గుడ్లు, పొదగడానికి నెల రోజులు. పుట్టినప్పుడు పిల్లకు ఒంటి మీద నూగు కూడా ఉండదు, తర్వాత తెల్లటి నూగు వస్తుంది. ఎగరడానికి మూడు నెలలు పైన పడుతుంది. లెక్కేసుకుంటే పిల్లలకు మేత పెట్టే దృశ్యం జనవరి, ఫిబ్రవరుల్లో బాగా దొరుకుతుందని తెలుస్తుంది. అది ఒకసారి చూస్తే మర్చిపోరు. తల్లి గూటిమీద వాలగానే పిల్లలు అరుపులు లంకించుకుంటాయి. తల్లి నోరు తెరిస్తే ఒక పిల్ల ముక్కు కిందున్న సంచిలోకి తల, మెడ, భుజాల దాకా దూర్చేస్తుంది. బయటి నుంచి చూస్తే తల్లే పిల్లను మింగుతోందనిపిస్తుంది. సంచి లోపల ఎటు పొడుచుకుంటోందో బయటికి తెలుస్తుంటుంది. తల్లి మెడ అటూ ఇటూ ఊగుతుంది, కాళ్లు తడబడతాయి. పిల్ల బయటికొచ్చాక తల్లి ఒక్క క్షణం నోరు మూయకుండా అలాగే నిలబడుతుంది. ఆకలి తీరని పిల్ల కొమ్మ మీద పడి దొర్లి, పక్కదాన్ని పొడుస్తుంది. ఇదంతా చూడాలంటే చెరువు దగ్గరి వాచ్‌టవరు మీద పది నిమిషాలు మాట్లాడకుండా ఉండాలి. ఆదివారాలు కష్టమే.

మౌనం ఎందుకంటే, మనిషి అలికిడికి పెద్ద పక్షి గూడు వదిలి లేస్తే కాకి కాచుకుని ఉంటుంది. గుడ్డు ఎత్తుకుపోవడానికి దానికి అరనిమిషం చాలు. ఎండలో రెక్కల నీడ పోయినా నూగులేని పిల్ల తట్టుకోలేదు. కట్ట దిగి చెట్ల దగ్గరికి పోనివ్వకపోవడం సిబ్బంది చాదస్తం కాదు.

గూడబాతులతోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు అవే చెట్లలో వాటాలేసుకుని ఉంటాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, పిల్లలతో పందెం వేసి వెతికించండి. చుట్టూ ఉన్న పొద అడవిలో దేవాంగపిల్లి ఉంది, అయితే అది రాత్రి జీవి, పగలు పోయేవాళ్లకు కనిపించదు.

ఊరివాళ్లకూ పక్షులకూ ఉన్న పొత్తు ఊరికే అబ్బలేదు. రెట్టలన్నీ చెరువులో పడతాయి, ఆ నీళ్లే పొలాలకు పారతాయి. ఎరువు ఖర్చు తగ్గించే పక్షిని ఎవరు తరుముతారు? చెరువు దగ్గర వాసన మాత్రం గట్టిగానే ఉంటుంది, ముఖ్యంగా గాలి ఎదురుగా కొడితే. భోజనం అక్కడ పెట్టుకోవద్దు.

పడవలు, ఇసుక తిన్నెలు

పండగ రోజుల్లో తడ మండలం భీమునివారిపాళెం దగ్గర పడవ షికారు పెడతారు. ఇరకం దీవికి పోవాలన్నా పడవే దారి. నీళ్ల మీద తిరిగిన సరదా తప్ప పక్షుల కోసం ఇది పెద్దగా పనికిరాదు. ఇంజను చప్పుడుకు అవి ముందే లేచిపోతాయి, లోతు లేని చోటికి పడవ పోదు, పక్షులుండేది అక్కడే. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎంత చవకైనా ఎక్కొద్దు. నడుం లోతే కదా అనుకుంటారు. సగటు అంటే అన్ని చోట్లా అంతే అని కాదు. పాయల్లోను, ముఖద్వారం దగ్గరా లోతు, లాగుడు రెండూ ఉంటాయి, అడుగున కాలు దిగబడే బంక ఉంటుంది. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పడవ తిరగబడి 22 మంది పోయారు, షికారుకొచ్చిన కుటుంబాలవాళ్లు.

పడవ ఎక్కితే వలల మీదుగా పోనివ్వమని అడగొద్దు. దక్షిణ భాగంలో ఏ రోజు ఏ చోట ఎవరు వల వెయ్యాలో జాలర్లు వంతులు పెట్టుకుంటారు, దాన్ని 'పాడు' అంటారు. ఒక్క వల తెగితే ఒక ఇంటి వంతు పోయినట్టే.

ఇసుక తిన్నెలు చూడాలని వచ్చేవాళ్లకు ఒక చేదు నిజం. ఈ తీరంలో మంచి తిన్నెలు, వాటి వెనక చెక్కుచెదరని అడవి ఉన్నది శ్రీహరికోట దీవి మీద. అది మామూలు జనానికి తెరిచి ఉండదు. రాకెట్ చూడ్డానికి ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లను గ్యాలరీ దాకా రానిస్తారు, అంతే. బదులుగా వాకాడు మండలం తూపిలిపాలెం తీరానికి వెళ్లొచ్చు. సరుగుడు తోటలు దాటాక సముద్రం వస్తుంది. ఇసుకను పట్టి నిలిపే చెవులపిల్లి తీగ, ముళ్ల బంతుల్లా గాలికి దొర్లే రావణాసురుడి మీసాలు అక్కడ దొరుకుతాయి. పాదాలకు చెప్పులుంచుకోండి, ఆ మీసాలు గుచ్చుకుంటాయి. తిన్నెల మధ్య పల్లంలో తవ్విన మంచినీటి గుంటను ఈ పక్క దొరువు అంటారు. ఉప్పు సముద్రానికి కూతవేటు దూరంలో తియ్యటి నీళ్లు ఊరతాయి, వాననీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి ఇసుకలో పైన తేలి నిలుస్తుంది. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది, అందుకే దొరువులు ఎప్పుడూ లోతు తక్కువే. ఇందాక చెప్పిన రాయదొరువు పేరులోని దొరువు ఇదే. ఈత మాత్రం వద్దు, కాపలా ఉండే తీరం కాదు.

చరిత్ర ఇష్టమైనవాళ్లు పళవేర్కాడుకు విడిగా ఒక పూట పెట్టుకోవచ్చు. 1613లో డచ్చివాళ్లు కట్టిన గెల్డ్రియా కోట ఆనవాళ్లు పెద్దగా మిగల్లేదు గాని, అస్థిపంజరాలు చెక్కిన రాతి స్తంభాలున్న శ్మశానం చూడదగ్గదే. పక్షుల రోజుతో కలిపితే రెండూ చెడతాయి.

రాకపోకలు, సామాను

చెన్నై నుంచి సూళ్లూరుపేట రైల్లో 83 కిలోమీటర్లు, లోకల్ రైళ్లు కొన్ని ఇక్కడిదాకా వస్తాయి. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకు నాయుడుపేట దాటగానే ముందు నేలపట్టు తగులుతుంది. దాన్ని సాయంత్రానికి ఉంచి, రాత్రి సూళ్లూరుపేటలో పడుకుని, తెల్లవారి షార్ రోడ్డు చూసుకుంటే రెండూ సరైన వెలుగులో దొరుకుతాయి. కారు లేకపోతే సూళ్లూరుపేటలో ఆటో మాట్లాడుకోవాలి. మాట్లాడేటప్పుడు "పోయి రావడం" అని కాకుండా "మూడు గంటలు, మధ్యలో ఎక్కడ చెబితే అక్కడ ఆపాలి" అని చెప్పండి. లేకపోతే రెండో ఆపుడుకే బేరం మళ్లీ మొదలవుతుంది.

బైనాక్యులర్ 8×42 చాలు, 10×42 అయితే చెయ్యి వణకకుండా కారు కిటికీకి ఆనించుకోవాలి. షార్ రోడ్డుకు స్పాటింగ్ స్కోపు ఉంటే ఆ రోజు వేరు, అది లేకపోతే ఉల్లంకుల్లో రకాలు తేల్చడం కుదరదు. కెమెరాకు 400 ఎం.ఎం. లోపు లెన్సు తెచ్చి ఫ్లెమింగో ముఖం ఫొటో ఆశించొద్దు, గుంపు, నీళ్లు, ఆకాశం కలిపి తీసుకోండి. నేలపట్టులో 300 కూడా సరిపోతుంది. టోపీ, తాగునీళ్లు తప్పనిసరి, కట్ట మీద చెట్టు నీడ దొరకదు. చిల్లర ఉంచుకోండి. మరుగుదొడ్డి పని సూళ్లూరుపేటలోనే చూసుకుని బయల్దేరండి, ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు మరీను.

భోజనానికి సూళ్లూరుపేటలో మామూలు హోటళ్లున్నాయి. చేపల పులుసు మామిడికాయ వేసి పెట్టేచోట తినండి, నెల్లూరు పద్ధతి అది. కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి దారిలోనే. రాకెట్ ఎగిరే ముందు ఇస్రో పెద్దలు కూడా అక్కడ మొక్కుకుని వెళ్తారు.

ప్రయోగం ఉన్న రోజు షార్ రోడ్డు ప్లాను పెట్టుకోవద్దు. తనిఖీలు, వాహనాల బారులు, ఎక్కడా ఆపనివ్వరు. ప్రయోగం వాయిదా పడితే అదే రద్దీ మళ్లీ ఇంకో రోజు వస్తుంది, కాబట్టి బయల్దేరే ముందు రోజు కూడా ఒకసారి చూసుకోండి. ఫ్లెమింగో ఫెస్టివల్ సంగతి కూడా అంతే. 2001లో మొదలైన ఈ పక్షుల పండగ మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. స్టాళ్లు, పాటలు, బస్సుల ఏర్పాట్లు, పిల్లలకు మంచి సందడి. పక్షులు చూడ్డానికి మాత్రం ఆ పండగ రోజులు ఏడాదిలో అన్నిటికంటే తక్కువ మార్కులొచ్చే రోజులు. పండగైపోయిన తర్వాతి మంగళవారమో బుధవారమో, మబ్బు లేని పొద్దున, నీళ్లు తీసిన మాట రూఢి చేసుకుని వెళ్లండి. రోడ్డు మీద మీరు, షార్ బస్సులు తప్ప ఎవరూ ఉండరు.